పడిపోవడంలో శిక్షణ

నేను పైకి రావాలని నాటకాల్లో చేరితే, వాళ్ళు నాకు ముందుగా కింద పడటం నేర్పారు.

బీకాం అయ్యాక చేరిన పీజీ కోర్సు అది. మొదటి ఏడు తరగతి గదిలో పాఠాలు, రెండో ఏడు ఆ కోర్సుతో ముడిపడి ఉన్న నాటక సంస్థలో పని. సంస్థ అంటే ఊరికే పండగలకీ పబ్బాలకీ ఆడేది కాదు. టిక్కెట్టు పెట్టి ఆడే సంస్థ, జీతం మీద నటులున్న సంస్థ. బాగా చేసినవాళ్ళని కోర్సు అయ్యాక అందులోనే ఉంచుకుంటారని మా బ్యాచ్ అందరికీ ఆశ.

ఆటోనగర్‌లో ఒక పాత గోడౌను మా రిహార్సల్ హాలు. ఒకవైపు లారీలకి బాడీలు కట్టే షెడ్డు, ఇంకోవైపు లేత్ మిషన్లు. మేం విషాద సన్నివేశం మొదలుపెట్టగానే పక్కవాళ్ళు రేకులు కొట్టడం మొదలుపెట్టేవారు. ఆ చప్పుడులో మా ఏడుపు మాకే వినపడేది కాదు. అందువల్ల మా బ్యాచ్‌లో అందరికీ గొంతు బాగా లేచింది, ఏడుపు మాత్రం అంతంతమాత్రం.

సంస్థ దర్శకుణ్ణే మేం గురువుగారు అనేవాళ్ళం. కోర్సుకీ ఆయనే పెద్ద దిక్కు. ఆయన నమ్మిన విద్య పరిశీలన. మమ్మల్ని ద్వారకా నగర్ బస్ కాంప్లెక్స్‌కి తోలి, "తలొక మనిషిని పట్టుకురండి" అనేవారు. అంటే ఒకరి నడక, ఒకరు సంచీ మోసే తీరు, ఒకరు చిల్లర వెతుక్కునే తీరు. మేం రైతుబజారు నుంచి కూరలు తెచ్చినట్టు వాటిని తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళం. నా నడక చూసి "ఇది పుచ్చిందిరా, వెళ్ళి తాజాది పట్రా" అనేవారు. ఇంకో మాట కూడా తరచూ చెప్పేవారు: "పనిని చేతికి నేర్పు. చేతికి వచ్చేశాక బుర్రని సెలవు మీద పంపించెయ్." నా బుర్ర చిన్నప్పటినుంచీ ఎక్కువగా సెలవులోనే ఉండేది కాబట్టి ఆ పద్ధతి నాకు బాగా నప్పింది.

సంస్థకి పేరు పెద్ద నాటకాల మీద వచ్చేది. కూడు మాత్రం సేఫ్టీ నాటకాల మీద వచ్చేది. మార్చి వస్తే ఈ ఊళ్ళో ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా భద్రతా వారోత్సవాలే. షిఫ్టు మారే వేళ కార్మికుల్ని యార్డులో కూర్చోబెట్టి మాచేత పావుగంట నాటకం ఆడించేవారు. కథ మారేది కాదు. ఒకడు హెల్మెట్టు పెట్టుకోడు, లేకపోతే బెల్టు కట్టుకోడు, లేకపోతే మిషను ఆపకుండా చెయ్యి పెడతాడు. చచ్చిపోతాడు. అప్పుడు సేఫ్టీ ఆఫీసరు వేషం వచ్చి శవం పక్కన నిలబడి నీతి చెబుతుంది.

ఆ శవం నేను.

డైలాగు ఇస్తే పాడుచేస్తానని, పడితే మాత్రం చూడముచ్చటగా పడతానని సంస్థలో అందరూ ఒప్పుకున్నారు. "శవం పాత్రలో జీవించావురా" అన్నారు గురువుగారు ఒకసారి. అది మెచ్చుకోలో చురకో ఇప్పటికీ నాకు తేలలేదు. నాన్న పోర్టులో పని చేసేవాడు, గోదావరి జిల్లా నుంచి ఆ ఉద్యోగం కోసమే వచ్చాడు. నేను గుమ్మంలో కనపడగానే, "ఏరా, ఇవాళ పోయావా, రేపా?" అని అడిగేవాడు. అమ్మకి ఆ హాస్యం నచ్చేది కాదు. నేను చచ్చి వచ్చిన రోజున పెరట్లోంచి రమ్మని, నెత్తిన నీళ్ళు పోసుకున్నాకే లోపలికి అడుగు పెట్టనిచ్చేది. "నాటకమేనే అమ్మా" అంటే, "అయితే నీళ్ళు కూడా నాటకమే అనుకో" అనేది.

సేఫ్టీ ఆఫీసరు వేషం వేసేవాడు నా స్నేహితుడు. ఎస్.కోట వైపు రైతు కుటుంబం వాడిది. "తొందరగా సావు బావా," అని తెర వెనక నా చెవిలో గొణిగేవాడు. "నువ్వు సస్తేగానీ నాకు డైలాగు నేదు."

ఇలా నవ్వుకుంటూనే చచ్చేవాడిని, ఆ మార్చి దాకా.

గాజువాక దాటాక ఒక ఫ్యాక్టరీ. అంతకు కొన్ని నెలల ముందు అక్కడ షెడ్డు కప్పు మీద పాత రేకులు మారుస్తూ ఒక కాంట్రాక్టు కార్మికుడు కింద పడి చనిపోయాడు. వారోత్సవాల్లో ఆ సంఘటననే నాటకంగా ఆడాలని యాజమాన్యం అడిగింది. కథ కూడా వాళ్ళే ఇచ్చారు. కప్పు మీద ఉన్నవాడికి ఫోను వస్తుంది. మాటల్లో పడి బెల్టు హుక్కు తాడుకి తగిలించుకోవడం మరిచిపోతాడు. కాలు జారుతుంది. అంతే.

గురువుగారు నన్ను పిలిచి చెప్పారు. "ఇన్నాళ్ళూ ఊహించి చచ్చావు. ఇది నిజంగా బతికిన మనిషి. పరిశీలన లేకుండా కుదరదు. ఆయన భార్యకి ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే పని ఇచ్చారట. వాళ్ళింటికి వెళ్ళి మనిషిని పట్టుకురా."

పోయిన మనిషిని ఎక్కణ్ణుంచి పట్టుకురావాలో అడగలేదు. ఆదివారం పొద్దున్న వెళ్ళాను.

ఒకే గది ఇల్లు. ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను ఎందుకు వచ్చానో చెప్పాను. మీ ఆయన వేషం నేనే వేస్తున్నానన్నాను. తలెత్తి నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నువ్వేటి? మా ఇంటాయన నీకన్నా బాగా పొడుగు."

"వేషానికి చాలనని మా వాళ్ళు కూడా ముందే అన్నారమ్మా."

నవ్వలేదుగానీ పీట చూపించింది. నేను అడిగినవాటికి కాస్సేపు ముక్తసరిగా జవాబులు చెప్పింది. తర్వాత తనంతట తనే లేచింది.

"ఇలగ సూడు," అని తలుపు గెడ వేసింది. వేసి గుంజింది. మళ్ళీ ఇంకోసారి గుంజింది. "ఇంట్లో గెడ ఏసినా ఇంతే. గేసుబండ తిప్పినా ఇంతే. పిల్ల జడకి రిబ్బను కట్టినా గుంజి సూసేవోడు, అది 'నాన్నా నొప్పి' అని ఏడిసేది. కప్పు మీద కూడా అలాగే. హుక్కు ఏసి గుంజి, మల్లా గుంజి, అప్పుడు సెయ్యి తుడుసుకునీవోడు. పక్కనున్నోల్లు 'తెల్లారిపోతాది, కానీరా' అని ఎక్కిరించీవోరట."

నేను లేచి గెడ వేసి గుంజాను. మళ్ళీ గుంజి చెయ్యి తుడుచుకున్నాను.

"అంత జోరుగా కాదు. మెల్లగ. సెయ్యితో అడిగినట్టుగ గుంజాల."

మళ్ళీ చేశాను. ఆవిడ చూసి ముఖం పక్కకి తిప్పుకుంది. కుదిరిందని నాకు అర్థమైంది. నటుడికి సిగ్గు తక్కువ. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే.

"ఇంతకీ నాటకంలో ఏటి సూపిత్తారు?" అని అడిగింది.

"ఆయన పని చేసే తీరు..." అన్నాను. ఫోను సంగతి చెప్పలేదు.

"నాను ఆ రోజు అక్కడే ఉంటాను బాబూ. మీరు ఆడతంటే నాను టీలు ఇత్తంటాను. అందరూ ఉంటారు. మా ఇంటాయన్ని హుక్కు నేకుండా మాత్రం సూపించకండి. ఇంకేటి సూపించుకున్నా పరవానేదు. తాగి ఎక్కినాడని సూపించండి, ఊరుకుంటాను. అదొక్కటీ వద్దు."

"తాగేవాడా అమ్మా?"

"సుక్క ముట్టీవోడు కాదు."

బియ్యం చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "హుక్కు ఏసుకున్నాడు. తాడే తెగిపోనాది. పక్కనున్నోల్లు నా కాడికొచ్చి ఏడిసి సెప్పినారు. కాంట్రాక్టరు కాడ ఒక్కడూ నోరిప్పనేదు. ఆల్ల కాయితంలో ఆల్లకి నచ్చినట్టు రాసుకున్నారు. రాసుకోనీ. జనం నోట కూడా అదే అయిపోతే, పిల్ల పెద్దయ్యాక దానికి ఏటి సెప్పమంటావు?"

"చూస్తానమ్మా" అన్నాను. చూస్తానన్నవాడు చెయ్యడని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా టీ ఇచ్చింది.

మర్నాడు గోడౌనులో గురువుగారికి అంతా చెప్పాను. ఆయన కఠినుడు కాదు. విన్నాక చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"వాళ్ళు అడిగిన నాటకంరా ఇది. మనం రాసింది కాదు. ఈ ఒక్క ఫ్యాక్టరీని కాదనుకుంటే అక్కడితో అయిపోదు. ఒకరు వద్దంటే మిగతావాళ్ళూ వద్దంటారు. అప్పుడు పెద్ద నాటకం లేదు, మీ కోర్సూ లేదు. నీ వేషం నువ్వు చెయ్యి."

నేను తల ఊపాను. అప్పుడు ఆయనలోని ఉపాధ్యాయుడు మేలుకున్నాడు.

"ఆవిడ చూపించిందే, ఆ గుంజడం, అది బ్రహ్మాండమైన సరుకు. అంత జాగ్రత్త ఉన్నవాడు ఒక్కరోజు మరిచిపోతేనే కదా విషాదం. ముందు ఆ అలవాటు నీ చేతికి పట్టాలి. అప్పుడే నువ్వు మరిచిపోతే జనం నమ్ముతారు."

నాటక విద్య ప్రకారం వంక పెట్టలేని మాట. నేను ఆ వారమంతా గోడౌనులో పైపుకి హుక్కు తగిలించి గుంజుతూ, మళ్ళీ గుంజుతూ, చెయ్యి తుడుచుకుంటూ గడిపాను. బస్సెక్కితే రాడ్డు గుంజేవాణ్ణి. ఇంట్లో బాత్రూమ్ తలుపు గుంజుతుంటే నాన్న, "అది రాదురా, లోపల నేనున్నాను" అని అరిచాడు. మరిచిపోవడం కోసం ఒక పనిని అంత శ్రద్ధగా నేర్చుకున్నవాణ్ణి నేనే అయ్యుంటాను. రిహార్సల్‌లో నేను హుక్కు ఎత్తగానే నా స్నేహితుడు నోటితో ఫోను మోగించేవాడు. నా చెయ్యి ఆగి జేబులోకి వెళ్ళేది. చక్కగా మరిచిపోయేవాణ్ణి, చక్కగా పడేవాణ్ణి.

నాటకం రోజున యార్డులో వాళ్ళే పైపులతో మంచె కట్టించారు. మనిషి ఎత్తుకి పైనే ఉంది. కింద పరుపు వేసి కనపడకుండా గోనెపట్టాలు కప్పాం. మంచె మీద అడ్డంగా కొత్త తాడు, లావుది, తెల్లగా మెరుస్తున్నది. నా నడుముకీ భుజాలకీ వాళ్ళ స్టోర్సులోంచి తెచ్చిన అసలు బెల్టు. కార్మికులు నేల మీద, ఆఫీసువాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. పక్కన రేకుల పందిరి కింద ఆవిడ కెటిల్ పట్టుకుని గ్లాసులు సర్దుతోంది.

నేను నిచ్చెన ఎక్కేటప్పుడు ఆవిడ తల ఎత్తింది. నేను వెంటనే చూపు తిప్పుకున్నాను. గురువుగారు చెప్పినట్టే చెయ్యాలని నిశ్చయించుకునే ఎక్కాను. ఆ తర్వాత నాకు ధైర్యవంతుడని కొందరు పేరు పెట్టారు కనుక ఈ మాట ఇక్కడే చెప్పడం నయం.

పైకెక్కి రేకు సర్దాను. హుక్కు ఎత్తాను. ఇక ఫోను మోగాలి.

మోగలేదు. నోటితో కాకుండా అసలు రింగ్‌టోనే వినిపిద్దామని నా స్నేహితుడు తన మొబైల్‌ని స్పీకరుకి కలిపి ఉంచాడు. ఆ కనెక్షను సరిగ్గా అప్పుడే ఊడింది. వాడు కింద కంగారుగా బొటనవేలితో ఫోను గీకుతున్నాడు. నా చెయ్యి వాడికోసం ఆగలేదు. హుక్కు తాడుకి తగిలించింది. గుంజింది. మెల్లగా, అడిగినట్టుగా మళ్ళీ గుంజింది. తర్వాత ప్యాంటుకి తుడుచుకుంది.

అప్పుడు ఫోను మోగింది.

ఆ మోతకి పడటం కూడా నా ఒంటికి నేర్పి ఉంచాను. జేబులోంచి ఫోను తీశాను, 'హలో' అన్నాను, కాలు జారాను. ఒళ్ళంతా వదిలేసి, నేర్చుకున్న విద్యంతా పెట్టి పడ్డాను. పరుపు దాకా చేరలేదు. బెల్టు పక్కటెముకల దగ్గర పట్టేసింది. గాల్లో గింగిరాలు తిరుగుతూ వేలాడుతున్నాను, చేతిలో ఫోను అలాగే ఉంది.

యార్డంతా గొల్లుమంది.

శవం మీద చెప్పాల్సిన నీతి నోట్లో పెట్టుకుని నా స్నేహితుడు పరిగెత్తుకొచ్చాడు. కింద శవం లేదు. తల పైకెత్తి చూశాడు. "ఏటి బావా... సావవేటి?" అన్నాడు.

నవ్వులు ఇంకా పెరిగాయి. కుర్చీల్లోవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వుల్లోంచి నేల మీద వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దవయసు కార్మికుడు లేచి నిలబడ్డాడు.

"ఆడూ ఇలాగే ఏసినాడు," అన్నాడు. గొంతు గట్టిగా కూడా లేదు. "గుంజి, మల్లా గుంజి. నాను పక్కనే ఉన్నాను. మాకిచ్చిన తాడు ఇలాటిది కాదు."

నవ్వు ముందు వరసల్లో ఇంకా ఉంది, వెనకనుంచి ఆగుతూ వచ్చింది. చివరికి నేను తిరుగుతుంటే తాడు చేసే కిర్రు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మేనేజరు లేచి, "అయిపోయింది, అయిపోయింది. టీ తాగండి" అన్నాడు. ఎవరూ టీ వైపు వెళ్ళలేదు.

బరువు వేలాడుతుంటే హుక్కు ఊడదు. నలుగురైదుగురు కార్మికులు వచ్చి నా కాళ్ళు పట్టి పైకెత్తారు. ఇందాక లేచిన ఆయన మంచె ఎక్కి హుక్కు విప్పాడు. వాళ్ళు నన్ను చేతుల మీదనే దించి పరుపు మీద పడుకోబెట్టారు. పడుకోబెట్టాక కూడా వెంటనే చేతులు తియ్యలేదు. ఒకతను నా తల కింద చెయ్యి పెట్టి అలాగే ఉంచాడు. నేను లేచి కూర్చోవచ్చా లేదా అన్నది నాకు తెలియలేదు. ఇన్ని ఫ్యాక్టరీల్లో ఇన్నిసార్లు చచ్చినా, ఎవరూ నన్ను అలా పట్టుకోలేదు.

వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి పందిరి కనిపించింది. ఆవిడ కెటిల్ కింద పెట్టి నిలబడి ఉంది. కాస్సేపటికి మళ్ళీ తీసుకుని గ్లాసుల్లో టీ పొయ్యడం మొదలుపెట్టింది.

తిరుగు వ్యానులో గాజువాక జంక్షన్ దగ్గర సిగ్నలు పడినప్పుడు గురువుగారు, "నీకు వచ్చిందల్లా పడటం ఒక్కటే. అదీ పోయింది" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

కోర్సు పూర్తయింది, సర్టిఫికెట్టు వచ్చింది, నటనలో ఉత్తీర్ణుణ్ణని. సంస్థ మాత్రం నన్ను ఉంచుకోలేదు. ఇప్పుడు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఇంటర్వ్యూలకి వెళ్ళే పిల్లలకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పుతున్నాను. నా దాంట్లో పెద్దగా చెప్పుకోవలసింది లేదు. ఆ రోజు లేచి మాట్లాడిన పెద్దాయనని కాంట్రాక్టరు ఆ వారం నుంచే పనిలోకి పిలవలేదు. క్యాంటీన్‌లో మనుషులు ఎక్కువయ్యారని ఆవిడని మానిపించారు. ఈ రెండూ నా స్నేహితుడే చెప్పాడు. వాడిని సంస్థ ఉంచుకుంది.

ఆవిడ సింహాచలం కొండ కింద చుట్టాల కొబ్బరికాయల దుకాణంలో ఉందని కూడా వాడే కనుక్కుని చెప్పాడు. వెళ్ళడానికి నాకు చాలాకాలం పట్టింది. వెళ్ళేసరికి ఒక మధ్యాహ్నం, యాత్రికులు పలచగా ఉన్నారు. ఆవిడ కాయల పీచు తీస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"నాటకం బాబు కాదేటి? ఎముకలు బాగున్నాయా?"

"బాగున్నాయమ్మా." క్యాంటీన్ పని పోవడం గురించి ఏదో అనబోయాను. ఆవిడ చేత్తోనే ఆపేసింది.

"పోనీ. ఆ పెద్దాయన పదిమందిలో అన్నాడు. నాను ఇన్నాను. పిల్లకి సెప్పినాను." ఇంకో కాయ తీసుకుంది. పీచు తీస్తూ, నావైపు చూడకుండా అడిగింది. "నువ్వు అలగ ఏలాడినప్పుడు ఊపిరి ఆడిందా?"

"ఆడిందమ్మా. కాస్త నొప్పి, అంతే."

"ఎంతసేపన్నా ఉండొచ్చా అలాగ?"

"ఎవరో ఒకరు వచ్చి దింపేదాకా ఉండొచ్చు."

"దింపుదురు," అంది. "ఆ రోజూ పక్కనే ఉన్నారు కదా అందరూ. దింపుదురు."

బస్సులోంచి దిగిన ఒక కుటుంబం ఇటువైపు వస్తోంది. ఆవిడ వాళ్ళని చూసి కాయలు వరసలో పెడుతూ, "ఇప్పుడూ ఆడతన్నారేటి ఆ నాటకం?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. నేర్చుకున్నది అదే. కానీ ఆవిడ దగ్గర అది పైకి రాలేదు.

"వేరే ఫ్యాక్టరీల్లో ఆడుతున్నారమ్మా. కొత్త బ్యాచ్ కుర్రాడు చేస్తున్నాడు."

"అందులో ఫోను మోగుతాదా?"

"మోగుతుంది."

"టయానికి మోగుతాదా?"

"ఇప్పుడు టయానికే మోగుతోందమ్మా" అన్నాను.

వచ్చినవాళ్ళు కొబ్బరికాయ అడిగారు. ఆవిడ వాళ్ళవైపు తిరిగింది.